కట్టుకథకు గట్టి లెక్క!

1944 మార్చి. రెండో ప్రపంచయుద్ధం ముమ్మరంగా సాగుతున్న రోజులు. న్యూయార్క్‌లోని ఓ కథల పత్రిక ఆఫీసుకి అమెరికా సైనిక నిఘా విభాగం నుంచి అధికారి వచ్చాడు. పత్రిక పేరు 'అస్టౌండింగ్ సైన్స్ ఫిక్షన్'. ఎడిటర్ జాన్ కాంప్‌బెల్ నుంచి ఆయన తెలుసుకోవాలనుకున్నది ఒకటే... ఆ నెల అచ్చయిన ఓ కథలోని సంగతులు రచయితకి ఎవరు చెప్పారని!

ఆ కథ 'డెడ్‌లైన్'. రాసినాయన క్లీవ్ కార్ట్‌మిల్. ఎక్కడో సుదూర గ్రహం మీద రెండు పక్షాలు కొట్టుకుంటుంటాయి. ఒకటి సిక్సా, రెండోది సీలా. యాక్సిస్, అలైస్ అన్న మాటల స్పెల్లింగుల్ని తిరగేస్తే వచ్చిన పేర్లివి. కథగా గొప్పదేం కాదు. రాసినాయనకే పెద్దగా నచ్చలేదట. కానీ అందులో ఓ బాంబు ఉంది. యురేనియంలోంచి 235 రకాన్ని వేరుచేసి, దాంతో తయారుచేసిన బాంబు. సరిగ్గా అప్పుడే న్యూమెక్సికోలోని లాస్ అలమోస్‌లో వేలమంది రాత్రీపగలూ ఆ పనిమీదే ఉన్నారు. ఏం చేస్తున్నామో ఇంట్లోవాళ్లకి కూడా చెప్పకూడదన్న కట్టడిలో బతుకుతున్నారు. అలాంటి రహస్యం కథల పత్రికలో ప్రత్యక్షమైతే ప్రభుత్వం ఉలిక్కిపడదూ!

కాలిఫోర్నియాలో ఉండే కార్ట్‌మిల్ మీద నిఘా పెట్టారు. ఆయనకి ఉత్తరాలు తెచ్చే పోస్ట్‌మ్యాన్‌నీ వాకబు చేశారు. కొన్ని వారాలు తిరిగాక తేలిందేమిటంటే... రహస్యం ఎక్కడా బయటికి పొక్కలేదు! యురేనియం సంగతులు రచయితకి ఉత్తరాల్లో రాసిపంపింది కాంప్‌బెలే. ఎమ్ఐటీలో భౌతికశాస్త్రం చదివిన మనిషి ఆయన. మరి ఆయనకెలా తెలుసు? 1938 చివర్లో జర్మనీలో హాన్, స్ట్రాస్‌మన్‌ల ప్రయోగాలతో యురేనియం పరమాణువు చీలుతుందని బయటపడింది. 1939లో సైన్సు పత్రికలనిండా దాని గురించే వ్యాసాలు. లైబ్రరీకి వెళ్లి బల్లముందు కూర్చునే ఓపిక ఉంటే ఎవరైనా చదువుకోవచ్చు. కాంప్‌బెల్ చదువుకున్నాడు, అంతే. అన్నట్టు, కథలో ఆ బాంబు పనిచేసే తీరుకీ అసలు బాంబుకీ ఆమడ దూరం. ఆ సంగతి తెలిసినవాళ్లు అప్పుడు లాస్ అలమోస్‌లో ఉన్నారుగానీ వాళ్లు నోరు విప్పకూడదాయె.

దీనికి మరో కొస ఉంది. కథ కాదు, జరిగిందే. జార్జి ఫ్ల్యోరోవ్ అని సోవియట్ యూనియన్‌లో ఓ కుర్ర శాస్త్రవేత్త. యుద్ధంలో వాయుసేనలో పనిచేస్తూ, 1942లో వొరోనెజ్ నగరంలోని విశ్వవిద్యాలయం లైబ్రరీకి వెళ్లాడు. అంతకుముందు తాను ప్రకటించిన పరిశోధనకి విదేశాల్లో ఎవరైనా స్పందించారా అని అమెరికా పత్రికలు తిరగేశాడు. ఆయన మాట అటుంచితే, యురేనియం చీలిక గురించే ఎక్కడా చప్పుడు లేదు. ఆ రంగంలో పేరున్నవాళ్లంతా ఒక్కసారిగా రాయడం మానేశారు. ఎందుకు మానేశారో ఆయనకి అర్థమైపోయింది. అమెరికావాళ్లు బాంబు చేస్తున్నారంటూ నేరుగా స్టాలిన్‌కే ఉత్తరం రాశాడు! లైబ్రరీలో ఉన్నదే కాదు, లేనిది కూడా చదవగలిగాడన్నమాట.

సైన్స్ ఫిక్షన్ అనగానే చాలామందికి అదంతా బుర్రలో పుట్టేదన్న అభిప్రాయం. ఆ రచయితల గదులు చూస్తే కథ వేరేగా ఉంటుంది. ఈ బాటకి పెద్దదిక్కులాంటి జూల్స్ వెర్న్‌నే తీసుకోండి. ఫ్రాన్స్‌లోని ఆమియెన్స్‌లో ఉండేవాడు. అక్కడి పఠనమందిరంలో పేపర్లూ సైన్సు పత్రికలూ చదివి, అవసరమైన ముక్కల్ని కాగితాల మీద ఎక్కించి దాచేవాడు. అలా పోగైనవి దాదాపు 20 వేలు! చంద్రుడి దగ్గరికి మనుషుల్ని పంపే నవల 1865లో రాస్తూ, లెక్కల కోసం గణితం తెలిసిన బంధువు సాయం తీసుకున్నాడు. గుండు బయల్దేరే వేగం సెకనుకి 12 వేల గజాలని రాశాడు. అంటే దాదాపు 11 కిలోమీటర్లు. భూమి ఆకర్షణని దాటాలంటే కావాల్సింది 11.2. ఇక ఎక్కణ్నుంచి పేల్చాలి? చంద్రుడు నడినెత్తిన కనిపించాలంటే భూమధ్యరేఖకి మరీ దూరం కాకూడదని, ఫ్లోరిడాని ఎంచుకున్నాడు. 104 ఏళ్ల తర్వాత అపోలో-11 లేచిందీ ఫ్లోరిడా నుంచే. భూమధ్యరేఖకి దగ్గరవడానికి ఇంకో లాభం కూడా ఉంది. భూమి తిరిగే వేగం రాకెట్‌కి కలిసొస్తుంది. మన శ్రీహరికోట దగ్గర అది గంటకి 1600 కిలోమీటర్ల పైమాటే! తూర్పున సముద్రం ఉన్న ఆ దీవిని ఎంచుకోవడంలో ఈ లెక్కకీ వాటా ఉంది.

అన్నీ చూసుకున్న వెర్న్ ఒక్కచోట దెబ్బతిన్నాడు. 900 అడుగుల ఫిరంగి గొట్టంలో అంత వేగం అందుకోవాలంటే లోపలి మనుషుల మీద పడే ఒత్తిడి వాళ్ల బరువుకి 20 వేల రెట్లు దాటుతుంది. చంద్రుడి సంగతి దేవుడెరుగు... గొట్టం దాటేలోపే ముగ్గురూ పచ్చడి!

పుస్తకాల్లో దొరకనిది మనుషుల్ని అడగాలి. కార్ల్ సేగన్ చేసిందదే. స్వయంగా ఖగోళ శాస్త్రవేత్త. 1985లో 'కాంటాక్ట్' నవల పూర్తిచేస్తున్నాడు. కథానాయిక ఇరవై అయిదు కాంతి సంవత్సరాల దూరంలోని వేగా నక్షత్రం దాకా వెళ్లాలి. కాంతి వేగంతో పోయినా పాతికేళ్లు! అందుకని ఆమెని కృష్ణబిలంలోంచి పంపాడు. ఎందుకైనా మంచిదని చిత్తుప్రతిని మిత్రుడు కిప్ థార్న్‌కి పంపాడు. ఐన్‌స్టీన్ సాపేక్ష సిద్ధాంతంలో ఆరితేరినవాడు థార్న్. చదివాక కృష్ణబిలం కుదరదన్నాడు. వెళ్లినవాళ్లు బతకరు మరి. ఊరికే కుదరదని ఊరుకుంటే ఆయన్ని ఇక్కడ తలుచుకోవాల్సిన పని లేదు. కారులో దూరప్రయాణం చేస్తుండగా ఆలోచించి, అంతరిక్షంలో రెండు చోట్లని కలిపే సొరంగంలాంటి 'వార్మ్‌హోల్' అయితే లెక్క కుదరొచ్చని తేల్చాడు. అది మూసుకుపోకుండా పట్టి ఉంచడానికి ఎలాంటి పదార్థం కావాలో కూడా లెక్కగట్టాడు. అలాంటిది దొరుకుతుందా అంటే... అది వేరే సంగతి. నవలకి మాత్రం దారి దొరికింది.

అక్కడితో ఆగలేదు. స్నేహితుడి కథ కోసం వేసిన ఆ లెక్కనే పెంచి, శిష్యుడు మైకేల్ మోరిస్‌తో కలిసి 1988లో భౌతికశాస్త్ర పత్రికలో వ్యాసంగా ప్రచురించాడు. వార్మ్‌హోల్స్ మీద తర్వాత వచ్చిన పరిశోధనలెన్నో దాని పునాది మీదే లేచాయి. శాస్త్రవేత్తని అడిగితే కథ బాగుపడటం మామూలే. కథ అడిగితే శాస్త్రానికి కొత్త ప్రశ్న పుట్టింది చూశారా! 2014లో వచ్చిన 'ఇంటర్‌స్టెల్లార్' సినిమా వెనకున్నదీ ఈ థార్నే. గురుత్వ తరంగాలను పట్టుకున్నందుకు 2017లో నోబెల్ అందుకున్న ముగ్గురిలోనూ ఆయన ఉన్నాడు.

అందరికీ థార్న్ లాంటి స్నేహితుడు ఎక్కడ దొరుకుతాడు? అందుకే అమెరికాలో 2007లో మైక్ బ్రదర్‌టన్ అనే ఖగోళ శాస్త్రవేత్త, రచయితల కోసమే ఓ పాఠశాల మొదలుపెట్టాడు. వారంపాటు నక్షత్రాలూ గ్రహాల గురించి పాఠాలు, రాత్రిళ్లు టెలిస్కోపు. మరుసటి ఏడాది అక్కడి జాతీయ సైన్సు అకాడమీ, సినిమావాళ్లకి శాస్త్రవేత్తల్ని పరిచయం చేసే కార్యక్రమం మొదలెట్టింది. ఒకప్పుడు కొత్త గ్రహం కావాలంటే రచయిత తనే సృష్టించుకోవాల్సి వచ్చేది. ఇప్పుడు వేరే నక్షత్రాల చుట్టూ తిరిగే గ్రహాలు 6 వేలకు పైగా నాసా పట్టికలో ఉన్నాయి. బరువు, సైజు, ఏడాదికి ఎన్ని రోజులు... తెలిసినంతవరకూ అన్నీ ఉచితం.

వీటన్నిటికన్నా పెద్ద పరీక్షాధికారి ఒకరున్నారు. పాఠకుడు! లారీ నివెన్ 1970లో 'రింగ్‌వరల్డ్' రాశాడు. సూర్యుడిలాంటి నక్షత్రం చుట్టూ, 15 కోట్ల కిలోమీటర్ల దూరంలో గాజులాగా కట్టిన లోకం. అద్భుతమైన ఊహ. కానీ మొదటి అధ్యాయంలోనే పప్పులో కాలేశాడు. పుట్టినరోజుని సాగదీయడానికి భూమి చుట్టూ గెంతుతున్న కథానాయకుడు పడమటికి బదులు తూర్పుకి పోయాడు. తర్వాతి ముద్రణలో దిద్దుకున్నాడుగానీ, తప్పున్న మొదటి ముద్రణ ప్రతుల కోసం ఇప్పటికీ ఎగబడతారు. అసలు చిక్కు 1971లో. బోస్టన్‌లో సైన్స్ ఫిక్షన్ మహాసభ జరుగుతుంటే ఎమ్ఐటీ విద్యార్థులు రింగ్‌వరల్డ్ నిలకడగా నిలవదంటూ నినాదాలు చేశారు! నిజమే. గాజు కొంచెం పక్కకి జరిగిందంటే చాలు, అలా జరుగుతూ జరుగుతూ నక్షత్రాన్ని గుద్దుకుంటుంది. నివెన్ మొహం చాటేయలేదు. దాన్ని నిలబెట్టే యంత్రాలతో ఇంకో నవల రాశాడు.

ఆండీ వీర్ తెలివైనవాడు. తిట్లు ముందే తిన్నాడు. 'ద మార్షియన్'ని ఒక్కో అధ్యాయంగా తన వెబ్‌సైట్లో పెడుతుంటే, రసాయనశాస్త్రం తెలిసిన పాఠకులు తప్పులు చూపించారు, ఆయన దిద్దుకున్నాడు. వ్యోమనౌక దారి లెక్కల కోసం సొంతంగా ప్రోగ్రామే రాసుకున్నాడు. అంతటి మనిషీ కథ మొదట్లో ఓ పెను తుపాను పెట్టాడు. అంగారకుడి గాలి ఒత్తిడి మన గాలిలో నూరోవంతు కూడా ఉండదు. అక్కడి తుపాను మనిషిని ఎగరేసుకుపోలేదు. ఆ సంగతి రాసేటప్పుడే తెలుసనీ, కథ కోసం వదిలేశాననీ తర్వాత ఒప్పుకున్నాడు. తెలిసి చేసిన తప్పుకీ తెలియక చేసినదానికీ తేడా ఉంది మరి.

ఇదంతా సైన్సు కథలకి, రాజకుమారులూ మాంత్రికులూ ఉండే కథలకి లెక్కలెందుకు అనుకుంటే పొరపాటే. కార్ట్‌మిల్ మీద నిఘా నడిచిన ఆ 1944లోనే, ఇంగ్లండ్‌లో టోల్కీన్ 'లార్డ్ ఆఫ్ ద రింగ్స్' రాస్తూ తల పట్టుకున్నాడు. కారణం... చందమామ! విడివిడిగా ప్రయాణిస్తున్న పాత్రల అధ్యాయాలు పక్కపక్కన పెట్టి చూస్తే, ఒకచోట ఉదయిస్తున్న చంద్రుడు అదే సమయానికి ఇంకోచోట అస్తమిస్తున్నాడు. లేని లోకంలో, లేని మనుషుల కోసం కూర్చుని తిథులు సరిచేశాడాయన. ఎవరు రోజుకి ఎంత దూరం నడిచారో కూడా పట్టికలు వేసుకున్నాడు. అమావాస్య రాత్రి వెన్నెల్లో యుగళగీతాలు పాడించే మన రచయితలు వింటున్నారా?

ఇలాంటి కథల్లో అన్నిటికన్నా అన్యాయమైపోయేది గుర్రం. డయానా విన్ జోన్స్ అనే రచయిత్రి 1996లో, ఊహాలోకాలకి వెళ్లే యాత్రికుల కోసమన్నట్టు ఓ వెటకారపు గైడు రాసింది. అక్కడి గుర్రాలు రోజంతా పరిగెత్తినా అలిసిపోవు, కుంటవు, బహుశా మొక్కల్లాగా పుప్పొడితో పుడతాయేమో అంటుంది. మన జానపద సినిమాల గుర్రాలూ ఆ జాతివే. ఏడు సముద్రాలు దాటిన హీరో దాన్ని చెట్టుకి కట్టేసిన దాఖలా ఉందేమోగానీ గుప్పెడు ఉలవలు పెట్టిన దాఖలా లేదు.

మనకేమైనా ఆధారాలు తక్కువా? ఏనుగుల వీరాస్వామి 1830-31లో మద్రాసు నుంచి కాశీకి వెళ్లొచ్చాడు. ఏ మజిలీలో బస దొరికింది, ఎక్కడ మంచినీళ్లు లేవు, ఏ ఊళ్లో సరుకులు దొరుకుతాయి... అన్నీ 'కాశీయాత్ర చరిత్ర'లో రాసిపెట్టాడు. రైలు లేని కాలంలో దారి నడవడమంటే ఏమిటో తెలియాలంటే అంతకన్నా ఏం కావాలి? ఇక కర్నల్ మెకంజీ కోసం కావలి సోదరుల్లాంటి తెలుగువాళ్లు ఊరూరా తిరిగి సేకరించిన కైఫీయత్తులున్నాయి. ఊరికి ఆ పేరెలా వచ్చింది, చెరువు ఎవరు తవ్వించారు, పొలిమేర ఎక్కడిదాకా, గుట్టమీది దేవుడి కథేమిటి... ఒక్కో ఊరి కైఫీయత్తూ ఓ నవలకి సరిపడా సరంజామా. రాతప్రతులు చెన్నైలోని ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో ఉన్నాయి. కడప జిల్లావాటిని అక్కడి బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం పుస్తకాలుగా కూడా తెచ్చింది.

కాలయంత్రమెక్కి కృష్ణదేవరాయల కొలువులో దిగడాన్ని 1991లో 'ఆదిత్య 369' మనకి చూపించింది. ఆ కాలానికే వెళ్లాలనుకునే రచయితకి పేస్, నూనిజ్ అనే ఇద్దరు పోర్చుగీసువాళ్లు దారి చూపిస్తారు. సూవెల్ 1900లో అచ్చేసిన విజయనగర చరిత్రలో వాళ్ల రాతలు ఇంగ్లిషులో మొత్తంగా ఉన్నాయి. తెల్లవారకముందే రాయలు నువ్వులనూనె తాగి, ఒళ్లంతా నూనె పట్టించుకుని, బరువులెత్తి, కుస్తీ పట్టి, గుర్రమెక్కేవాడని పేస్ రాశాడు. ఇంతకీ ఆ గుర్రాలు ఎక్కడివి? మేలుజాతివన్నీ అరేబియా వైపు నుంచి ఓడల్లో రావాల్సిందే. రాయలకి ముందరి సాళువ నరసింహుడి కాలం సంగతి నూనిజ్ చెబుతాడు. వర్తకులు అడిగినంతా ఇచ్చి, మూడు గుర్రాలకి వెయ్యి వరహాల చొప్పున కొనేవాడట రాజు. బతికున్నా సరే, చచ్చినా సరే. దారిలో సముద్రంమీద చనిపోయినవాటికి తోక ఒక్కటి తెచ్చి చూపిస్తే చాలు, పూర్తి ధర చెల్లించేవాడట!

తెచ్చిన తోక గుర్రానిదేనా, అదీ సముద్రంలో చచ్చినదేనా అని ఎవరు పరీక్షించేవారో మాత్రం నూనిజ్ రాయలేదు.