పొగగొట్టం ఎప్పుడు చప్పుడు చేసింది?

అమెరికా చలి రాష్ట్రాల్లో ఇల్లు కొనుక్కున్న మనవాళ్ళలో కొందరికి ఇంటితోపాటే కట్టెల స్టవ్ కూడా వచ్చింది. మొదటిసారి వెలిగించగానే గొట్టం టిక్కుటిక్కుమంటే బెదిరిపోతారు. నెల తిరిగేసరికి అలవాటుపడి ఏ చప్పుడునూ పట్టించుకోరు. రెండూ పొరపాటే. చప్పుడు పెద్దదా చిన్నదా అని చూడటం కన్నా, మంట ఏ దశలో ఉండగా వచ్చిందో గమనిస్తే కారణం చాలావరకు తేలిపోతుంది.

రెండు మీటర్ల ఉక్కు గొట్టం మరో 250 డిగ్రీల సెల్సియస్ వేడెక్కితే సుమారు 6 మిల్లీమీటర్లు సాగుతుంది. అతుకుల దగ్గర ఆ సాగుడు పట్టేసి, జారి, మళ్ళీ పట్టేస్తుంది. జారినప్పుడల్లా ఒక టిక్కు. వెలిగించిన కొత్తలో, మళ్ళీ చల్లారేటప్పుడు వినిపించి మధ్యలో ఆగిపోతే దిగులక్కర్లేదు. మంట నిలకడగా ఉండగా గాలికి టపటపలాడితే పైనున్న టోపీ వదులైందేమో చూపించాలి. గాలి బాగా తగ్గించిన కాసేపటికి దబ్బుమని పొగ గదిలోకి చిమ్మితే, మండకుండా పోగైన వాయువులు ఒక్కసారిగా అంటుకున్నాయన్నమాట. అప్పుడు తలుపు తీయకుండా గాలి మీటను మెల్లగా తెరవాలి. స్టవ్ వాడని వేసవిలో కిచకిచలు వినిపిస్తే బహుశా చిమ్నీ స్విఫ్ట్ పిట్టలు. 1918 నాటి వలస పక్షుల చట్టం వాటికి రక్షణ ఇస్తోంది. పిల్లలు ఎగిరిపోయేదాకా గూడు కదపకూడదు.

ఆలోచించడానికి వ్యవధి ఇవ్వని చప్పుడు ఒక్కటుంది. పచ్చి కట్టెల పొగ, 120 డిగ్రీల కన్నా చల్లగా ఉన్న గొట్టం గోడలకు క్రియోసోటుగా పేరుకుంటుంది. అది అంటుకుంటే వేడి 1,100 డిగ్రీల దాకా పోగలదు. రైలు మీదికొస్తున్నట్టు హోరు, గొట్టం అదురు, ఘాటైన వాసన. వీలైతే గాలి మీట మూసేసి, అందరూ బయటికొచ్చి 911కు ఫోన్ చేయాలి. నీళ్ళు పోయకూడదు.

తరతరాలుగా కట్టెల మీదే వండుకున్నాం కదా, ఇంత భయమెందుకని అనొచ్చు. మన పొయ్యికి నోరు తెరిచే ఉంటుంది, పొగ పెంకుల సందుల్లోంచి పోతుంది. ఇక్కడిది గాలి బిగించి రాత్రంతా నెమ్మదిగా మండించే మూసిన పెట్టె, పైన మంచులో నిలబడ్డ గొట్టం. క్రియోసోటుకు అంతకన్నా అనువైన చోటు ఏముంటుంది? ఏడాదికి నాలుగైదుసార్లే వెలిగిస్తామన్నా లాభం లేదు. గొట్టం సరిగా వేడెక్కకుండా, తడి కట్టెతో పెట్టిన మంటలే ఎక్కువ పేరుస్తాయి.

ఇంతకన్నా బలమైన అభ్యంతరం మరొకటుంది: మా ఇంట్లో చప్పుడే రాలేదు! నిజమే, నెమ్మదిగా సాగే చిమ్నీ మంటలు హోరు లేకుండానే లోపలి పొరను పగలగొట్టి పోతాయి. చెవి అక్కడ పనికిరాదు. అందుకే అమెరికా అగ్నిరక్షణ సంఘం 211వ ప్రమాణం ఏటా తనిఖీ చేయించమంటుంది. ఆ పనికి అక్టోబరు లోపే అదను, అది దాటితే మనుషులు దొరకడం కష్టం. కార్బన్ మోనాక్సైడ్ అలారం బ్యాటరీ కూడా అప్పుడే మార్చండి. కట్టెలో తేమ 20 శాతం లోపు ఉండాలి. మీటరును పైబెరడు మీద పెట్టకండి. కట్టెను నిలువునా చీల్చి, అప్పుడే బయటపడ్డ లోపలి ముఖం మీద గుచ్చి చూడండి.