అద్దె బాకీ పడితే తాళం వేయొచ్చా?

2023 జూలైలో ఒక సాయంత్రం హైదరాబాదులో మా సంఘం ఆఫీసుకి ఒకామె ఇద్దరు పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చింది. చిన్నవాడు ఇంకా స్కూలు బట్టల్లోనే ఉన్నాడు. కుట్టుపని నుంచి ఇంటికి వచ్చేసరికి తన తాళం మీద ఇంకో తాళం వేసి ఉందట. గిన్నెలు, బట్టలు, పిల్లల పుస్తకాలు, రేషన్ కార్డు, కుట్టి ఇవ్వాల్సిన జాకెట్లు అన్నీ లోపలే. అద్దె నెలకి ఆరు వేలు, నాలుగు నెలలు బాకీ. భర్త ఫిబ్రవరిలో పనికని వెళ్లినవాడు తిరిగి రాలేదు, ఫోనెత్తడు. అద్దె కాగితం అతని పేరు మీద ఉంది. ఆ కాగితమూ లోపలే ఉంది.

మేం నలుగురం వెళ్లాం. ఇలాంటప్పుడు మనం ఎలా మాట్లాడతామో ఈ పత్రిక చదివేవాళ్లకి చెప్పనక్కర్లేదు. గొంతులు పెంచాం. వీధంతా బయటికి వచ్చింది. ఇంటావిడ అరవై దాటిన మనిషి. ఒక్క మాట ఎదురు చెప్పకుండా తాళం తీసి, తన వాటాలోకి వెళ్లి తలుపేసుకుంది. గెలిచామనుకుంటూ ఆటోలో తిరిగొచ్చాం.

మూడో రోజున ఆ ఇంటావిడే మా ఆఫీసుకి వచ్చింది. బెంచీ మీద కూచుని సంచీలోంచి మందుల చీటీ తీసి చూపించింది. భర్త పోయి తొమ్మిదేళ్లయింది. ఆయనది ప్రైవేటు ఉద్యోగం, ఆమెకి పెన్షనేమీ రాదు. మిగిలింది రెండు వాటాల ఇల్లు. ఒకదాంట్లో తను ఉంటుంది, రెండోదాని అద్దెతో బతుకుతుంది. తాళం వేయమన్నది మరిది కొడుకు. 'కోర్టుకి పోతే నువ్వు పోయేదాకా తేలదు పెద్దమ్మా' అన్నాడట. 'మీది ఆడవాళ్ల సంఘమన్నారు. మరి నేను ఆడదాన్ని కాదామ్మా?' అని నన్నడిగింది. నా దగ్గర జవాబు లేదు.

ఇంటి యజమాని అనగానే మనకి ఒక డబ్బున్న మగవాడు కళ్ల ముందు మెదులుతాడు. బస్తీల్లో తిరిగే మనకి అది నిజం కాదని తెలుసు. ఒక గది అద్దెకిచ్చి ఆ డబ్బుతో బియ్యం కొనుక్కునే ఒంటరి ఆడవాళ్లు ఎంతమంది లేరు? అద్దె రాకపోతే ఇల్లు ఖాళీ చేయించుకునే హక్కు వాళ్లకుంది. ఆ మాట మనం నోరు తెరిచి చెప్పాలి. అంతే గట్టిగా ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ హక్కు తాళంతో అమలు కాదు, కోర్టు ద్వారానే అవుతుంది. ఈ రెండు మాటలూ కలిపి చెప్పడం చేతకాకే ఆ సాయంత్రం మేం ఒక ముసలావిడని వీధిలో నిలబెట్టాం.

నిజానికి ఆ సాయంత్రం నాకు చట్టం సరిగ్గా తెలియదు. తర్వాత ఒక వకీలమ్మ దగ్గర కూచుని నేర్చుకున్నాను.

బాకీ ఎంతున్నా సరే, కోర్టు ఉత్తర్వు లేకుండా బలవంతంగా ఇల్లు ఖాళీ చేయించడానికి లేదు. అలా వెళ్లగొడితే, 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ కింద ఆరు నెలల లోపల దావా వేసి మళ్లీ లోపలికి రావచ్చు. అక్కడ ఇల్లు ఎవరిదన్న ప్రశ్నే రాదు, ఎవరి స్వాధీనంలో ఉండగా ఎవరు వెళ్లగొట్టారన్నదే చూస్తారు. కరెంటు ఫ్యూజు పీకడం, నల్లా కట్టేయడం కూడా తాళం కిందికే వస్తాయని నేనంటాను. పోలీసు స్టేషనుకి పిలిపించి 'రేపటికల్లా ఖాళీ చెయ్' అనిపించడం మన ఊళ్లో మామూలైపోయింది. పోలీసులకి ఆ అధికారం లేదు. అయితే మన పక్క మనిషి కోసం మనమూ అదే స్టేషనుకి వెళ్లి ఇంటివాళ్లని బెదిరించమని అడుగుతుంటాం. అదీ ఆపాలి.

మరి దారేమిటి? హైదరాబాదులో ముందు అద్దె ఎంతో, ఇల్లు కట్టి ఎన్నేళ్లయిందో చూడాలి. 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం తెలంగాణలో ఉంది. (ఆంధ్రప్రదేశ్‌లో 2017లో వేరే చట్టం చేశారు. అక్కడి వాళ్లు దాన్ని చూసుకోవాలి.) 1960 చట్టం కిందికి వచ్చే ఇల్లయితే, ఇంటివాళ్లు రెంట్ కంట్రోలర్ దగ్గర పిటిషన్ వేయాలి. కాగితంలో గడువు రాసి ఉంటే అది దాటిన 15 రోజుల లోపల, రాసి లేకపోతే మరుసటి నెల ఆఖరు రోజు లోపల అద్దె కట్టకపోతే బాకీ పడినట్టు లెక్క. కావాలని ఎగ్గొట్టలేదని కంట్రోలర్‌కి నమ్మకం కలిగితే 15 రోజులకి మించకుండా గడువివ్వవచ్చు. ఆ గడువులో కడితే పిటిషన్ కొట్టేస్తారు. భర్త వదిలేసి పోయిన ఆడమనిషికి 'కావాలని కాదు' అన్న ఈ మాట ఎంత విలువైనదో చూడండి. కాని కేసు నడిచినంత కాలం బాకీ, నెలనెలా అద్దె కట్టుకుంటూ ఉండాలి. కట్టకపోతే ఆమె వాదన వినకుండానే ఖాళీ చేయమని ఉత్తర్వు వస్తుంది. ఇది చెప్పకుండా 'కేసు వేస్తే వేయనీ, చూసుకుందాం' అని మనం భరోసా ఇస్తే, ఆ భరోసాయే ఆమెని రోడ్డున పడేస్తుంది.

గొడవ పడ్డాక ఇంటివాళ్లు అద్దె తీసుకోకపోవడం ఒక పాత ఎత్తు. తీసుకోకుండా నాలుగు నెలలు ఊరుకుని, తర్వాత బాకీ అని కేసు వేస్తారు. దానికీ చట్టంలో విరుగుడుంది. బ్యాంకు పేరు చెప్పమని నోటీసివ్వాలి, చెప్పకపోతే మనీఆర్డరు పంపాలి, అదీ తిప్పికొడితే కంట్రోలర్ దగ్గర జమ చేయాలి.

ఇంతా చెప్పి అసలు సంగతి చెప్పకపోతే మోసం చేసినట్టే. 2005 సవరణతో, మునిసిపల్ కార్పొరేషన్లున్న చోట నెలకి 3,500, మిగతా చోట్ల 2,000 రూపాయలు దాటిన అద్దె ఇళ్లని ఈ చట్టం నుంచి తప్పించారు. కట్టి 15 ఏళ్లు నిండని ఇళ్లనీ తప్పించారు. హైదరాబాదులో ఇప్పుడు 3,500కి ఏ గది దొరుకుతుంది? పేదవాళ్లకి అండగా వచ్చిన చట్టం చివరికి ఎప్పటినుంచో తక్కువ అద్దెకి పాతుకుపోయిన వాళ్లకి, అందులో కొన్ని మంచి బేరం నడిచే దుకాణాలకి, పనికొచ్చేలా మిగిలింది.

మా దగ్గరికి వచ్చినామె అద్దె ఆరు వేలు కాబట్టి ఆమెకి 1882 నాటి ఆస్తి బదిలీ చట్టమే దిక్కు. దాని ప్రకారం నెలవారీ అద్దెకున్నవాళ్లకి 15 రోజుల నోటీసు రాతపూర్వకంగా ఇవ్వాలి. ఆ తర్వాత సివిల్ కోర్టులో దావా వేయాలి. డిక్రీ వచ్చినా ఇంటివాళ్లు తామే వెళ్లి సామాను బయట పడేయడానికి లేదు, అమలు కోసం మళ్లీ కోర్టునే అడిగితే అమీనా వస్తాడు. అద్దె కట్టకపోతే లీజు రద్దన్న షరతు మీద దావా వేసినప్పుడు, విచారణ నాటికి బాకీ, వడ్డీ, ఖర్చులు చెల్లిస్తే ఇల్లు నిలిపే అధికారం కోర్టుకుంది. తోవ పొడుగే. ఇంటావిడ మరిది కొడుకు చెప్పింది పూర్తిగా అబద్ధం కాదు. కాని ఆ పొడుగులోనే అద్దెకున్న మనిషికి ఊపిరి తీసుకునే వ్యవధి ఉంది.

కాగితం భర్త పేరు మీద ఉంటే భార్యకి కోర్టులో నోరుంటుందా? 2005లో బి.పి. అచల ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు ఉంటుందని చెప్పింది. బెంగళూరులో భర్త వదిలేసిపోయిన అద్దె ఇంట్లో ఉండిపోయిన భార్య కేసది. భర్త పట్టించుకోకుండా వదిలేస్తే, అతను చెప్పుకోగల వాదనలన్నీ ఆమె చెప్పుకోవచ్చు, అయితే అద్దె ఆమె కట్టాలి అంది కోర్టు. తీరా ఆ కేసులో ఆమె ఓడిపోయింది. కారణం, అప్పటికే పరస్పర అంగీకారంతో విడాకులయ్యాయి. భార్య కాని మనిషికి ఆ ఇంట్లో హక్కు లేదన్నారు, విడాకుల ఒప్పందంలో ఇంటి మాట రాసి ఉంటే తప్ప. మనం కౌన్సెలింగులో కూచోబెట్టి ఎన్ని విడాకుల ఒప్పందాలు రాయించాం? భరణం, బంగారం, సామాను రాయించాం. ఉంటున్న అద్దె ఇల్లు ఎవరికన్నది నేను ఒక్కసారీ రాయించలేదు.

2005 నాటి గృహహింస చట్టం కూడా అద్దె ఇంటిని కలిసి బతికిన ఇల్లుగానే గుర్తిస్తుంది. అద్దె భర్తే కట్టాలని మెజిస్ట్రేటు ఉత్తర్వివ్వవచ్చు. అయితే ఆ ఉత్తర్వు భర్త మీదే. అతను దొరకనంత కాలం ఇంటావిడ మందుల షాపు బాకీని ఆ ఉత్తర్వు తీర్చదు.

చివరికి ఇద్దరినీ ఒకే రోజు మా ఆఫీసులో కూచోబెట్టాం. ఆడవాళ్లకి ఆదాయంతో పని లేకుండా లీగల్ సర్వీసెస్ అథారిటీలో ఉచిత సహాయం దొరుకుతుంది. ఇద్దరికీ అది వర్తిస్తుందని చెబితే ఇంటావిడ నమ్మలేదు. 'ఇల్లున్నదానికి కూడానా?' అంది. భర్త ఇచ్చిన రెండు నెలల అడ్వాన్సు బాకీలో మినహాయించారు. మిగిలిన పన్నెండు వేలు నెలకి వెయ్యి చొప్పున, ఆ నెల అద్దెతో కలిపి ఇచ్చేట్టు రాసుకున్నారు. రసీదు ఆమె పేరు మీదే.

రెండు నెలలు నడిచింది. మూడో నెల ఆమె ఇవ్వలేకపోయింది, నాలుగో నెలా అంతే. ఇంటావిడ ఈసారి తాళం వేయలేదు. వకీలు చేత 15 రోజుల నోటీసు పంపింది. నోటీసు పట్టుకుని అద్దెకున్నామె మళ్లీ నా దగ్గరికి వచ్చింది. కోర్టుకి వెళితే ఎంత గడువు దొరకవచ్చో, ఎంత కట్టాల్సి రావచ్చో లెక్క వేసి చెప్పాను. కేసు దాకా పోకుండా, పిల్లల పరీక్షలయ్యేవరకు గడువడిగి తీసుకుని, సామాను సర్దుకుని తల్లి ఉన్న బస్తీకి వెళ్లింది. మిగిలిన బాకీ రాలేదు. రాదని ఇంటావిడకీ తెలుసు.

ఈ విషయంలో నేను ఇంటివాళ్ల పక్షం వహించానని మా సంఘంలోనే ఇద్దరు నాతో కొన్నాళ్లు సరిగ్గా మాట్లాడలేదు. నాకు అలా అనిపించడం లేదు. ఆమె వెళ్లిపోవలసి వచ్చినందుకు బాధ ఉంది. కాని ఆమె పగటిపూట, తన సామానంతా లెక్క చూసుకుని, రేషన్ కార్డు చేతిలో పట్టుకుని వెళ్లింది. జూలైలో ఆమె మా ఆఫీసుకి వచ్చిన తీరు నేను మర్చిపోలేదు.

కొత్తగా దిగినవాళ్ల అద్దె కాగితం చూపించడానికి ఇంటావిడ ఈమధ్య వచ్చింది. అందులో భార్యాభర్తలిద్దరి పేర్లూ రాయించింది.