సంసారపు కారునకు పందెపు సొమ్ములు



తాడేపల్లిగూడెమునుండి యొక సోదరి యీ నెల మనకొక జాబు వ్రాసినది. వారింట స్విఫ్టు డిజైరు కారు కలదు. అత్తగారిని నెలకొకమారు ఏలూరులోని వైద్యునియొద్దకు దీసికొనిపోవుట, పిల్లలను బడికి దింపుట, పండుగలకు కైకలూరు దాపుననున్న పుట్టింటికి బోవుట దాని పనులు. పెద్దకుమారుడు ఇంజనీరింగు చదువుచున్నాడు. వాడు సెలవులకు వచ్చి, ఈ కారునకు పెద్దచక్రములు, పొట్టిస్ప్రింగులు, క్రొత్తరకపు గాలివడపోత, పందెపుకారులోనివంటి స్టీరింగు తగిలింతునని పట్టుపట్టినాడట. "పాతది విప్పి క్రొత్తది బిగించుటయే గదా, అమ్మా!" యని వాని వాదము. తండ్రి నవ్వి యూరకున్నాడు. ఖర్చునకు మాత్రము ఆమె చీటిపాటలో గూడబెట్టిన సొమ్మును జూపుచున్నారు.

ఇది మగవారి ముచ్చట యని మనము త్రోసిపుచ్చరాదు. స్టీరింగు త్రిప్పువాడొక్కడే, తక్కిన చోట్ల గూర్చుండువారము మనము, మన పెద్దలు, మన పసివాండ్రు.

మొదట ఆ చిరంజీవి పక్షమున నొకమాట. వాడు చెప్పినది బొత్తిగా నబద్ధము గాదు. కారులు చేయువారు ఒకే కారును మూడునాలుగు తరగతులుగా నమ్ముట పాతవాడుకయే. ఇటలీలో ఫియట్ వారు 1953లో 1100 అను సంసారపు కారును వెలువరించిరి. ఆ యేడే దాని యింజనుబలమును హెచ్చించి "తూరిజ్మో వెలోచే", అనగా వేగముగా బోవు విహారపు కారు, అను పేర మఱియొక తరగతిని జేసిరి. మన పెద్దలెక్కి తిరిగిన ప్రీమియర్ పద్మిని ఆ 1100 వంశములోనిదే. మదరాసు చేరువనున్న షోళవరములో రెండవ ప్రపంచయుద్ధకాలపు విమానముల బాటమీద ఇట్టి యింటికారులను సవరించి పందెములు వేసెడివారు. మన గూడెములోను ఆనాటి విమానముల బాట యొకటి కలదు గాని, దానికా వైభవము పట్టలేదు.

ఒకే కారు తరగతులగుటచే పైతరగతి సామాను క్రిందితరగతికి దఱచుగా నమరును. చిక్కంతయు ఈ "అమరుట" యను మాటలోనే యున్నది. మనయింటికి కోడలు వచ్చునపుడు ఒంటిగా వచ్చునా? సారెతో వచ్చును, పుట్టింటివారి రాకపోకలతో వచ్చును. కారులోని భాగము నంతే. దాని సారె యేమో తెలిసికొనకుండ దానినొక్కదానిని లాగికొనివచ్చినయెడల కాపురము కుదురదు.

ఫియట్ వారి లీనియా యను సెడాను మనదేశమున 2009లో వచ్చినది. 2010లో దానికే టి-జెట్ అను బలమైన తరగతి వచ్చినది. టర్బో పెట్రోలు ఇంజను, 16 అంగుళముల చక్రములు, నాలుగు చక్రములకును డిస్కుబ్రేకులు దాని విశేషములు. సాధారణపు లీనియాకు వెనుక నుండునవి డ్రమ్ములు. టి-జెట్టులోని వెనుక డిస్కులను దీనికి బెట్టిన మేలుగదా యని తోచును. కాని డిస్కుతోపాటు దానిని పట్టు క్యాలిపరు, దాని నాధారముగా నిలుపు భాగము, చేతిబ్రేకు తీగ, వెనుకకు బోవు నొత్తిడిని ముందుదానితో సరితూచు నేర్పాటు, అన్నియు రావలెను. ఈ తూకము తప్పి వెనుకచక్రములు ముందుగా బిగిసిపోయెనా, వానతడిసిన బాటమీద కారు తోక త్రిప్పును. బ్రేకు మంచిదే, తూకము చెడినది. ముందుడిస్కు పెద్దది పెట్టుదమన్న, చిన్నచక్రము దానిమీద కెక్కనే యెక్కకపోవచ్చును.

ఇక చక్రముల సంగతి. డిజైరు క్రిందితరగతులలో 165/80, 14 అంగుళముల టైర్లును, పైతరగతులలో 185/65, 15 అంగుళముల టైర్లును వచ్చినవి. సోదరీమణులు ఈ యంకెలకు బెదరవలదు. మొదటియంకె మిల్లిమీటర్లలో టైరు వెడల్పు. రెండవది ఆ వెడల్పులో నూటికెంత ప్రక్కగోడ యెత్తో తెలుపును. మూడవది లోపలి చక్రపు కొలత. లెక్కవేసిన మొదటి టైరు ప్రక్కగోడ 132 మిల్లిమీటర్లు, రెండవదానిది 120. అయినను చక్రముతో గూడిన మొత్తపు టెత్తు మొదటిదానికి 620, రెండవదానికి 621. చక్రము పెరిగిన మేర గోడను దగ్గించి, మొత్తపు కొలతను దాదాపుగా నంతే యుంచినారు. వేగముజూపు ముల్లు తప్పుచెప్పకుండుట కిదియే కారణము. చేసినవారే యింత లెక్కచూచినచోట, అంగడిలో మెఱయు చక్రమును జూచి కొనుట తగునా? పైగా ఆ ప్రక్కగోడయే గోతులలో మన నడుములను గాపాడు దిండు. అది పలుచనైనకొలది కుదుపు హెచ్చును, చక్రపుటంచు సొట్టపడును.

ఏలూరునుండి భీమడోలు మీదుగా గూడెమునకు బోవు జాతీయరహదారి నున్నగా నుండును. కారునకు సొమ్ములుపెట్టువారు ఆ బాటనే తలచుకొందురు. ఆమె పుట్టింటికి బోవు దారి వేఱు. కొల్లేటిప్రాంతపు రేగడినేల వానకుబ్బును, ఎండకు బీటలువాఱును. దానిమీద వేసిన బాట అలలుగా లేచును. చేపలలారీలు కార్చు నీటిచే తారు చెడును. ఇట్టిచోట పొట్టిస్ప్రింగులు పెట్టి కారును రెండంగుళములు క్రిందికి దింపినయెడల, ఐదుగురెక్కినపుడు ప్రతి వేగనిరోధపు దిబ్బయు పొట్టక్రింద గీచును. పాత షాక్ అబ్జార్బర్లు ఆ గట్టిస్ప్రింగుల విసురు నాపజాలక త్వరగా నూనెకార్చును. మోకాళ్లనొప్పుల యత్తగారు లోపలికి దిగుటయు, పైకి లేచుటయు నెంత కష్టమో వేఱుగ జెప్పవలెనా?

నాకు మిక్కిలి భయము గొలుపునది గాలివడపోత. కర్మాగారమువారు ఇంజను గాలిపీల్చు నోటిని ఎత్తున నుంచి పెట్టెలో మూసియుంతురు. వేగప్రియులు చల్లనిగాలి దొరకునని దానిని బంపరు దాపునకు దింపుదురు. బుడమేరు, తమ్మిలేరు పొంగి కొల్లేటబడినపుడు ఆ నీరు ఉప్పుటేటిదారిని మెల్లమెల్లగా సముద్రమునకు బోవలెను. అంతవఱకు పల్లపుబాటలమీద నీరు నిలుచుట మన మెఱుగనిది గాదు. ఆ నీటిలో దిగువనున్న నోరు గాలికి బదులు నీటిని ద్రాగును. గాలి యణగును, నీరణగదు. పైకిలేచు పిస్టను దానిని గొట్టుకొని, దానిని నడపు కడ్డీ వంగును. ఇంజను ఆ క్షణమున నాగిపోవును. చీకటివేళ చెఱువుగట్లనడుమ పసిపిల్లలతో నిలిచిపోయినవారికి, ఆ వడపోతవలన పెరిగిన కొంచెపు బలము గుర్తునకు రాదు.

స్టీరింగు విషయమున బేరమే లేదు. దాని నడుమ గాలిసంచి కలదు. దానివెనుక చుట్టచుట్టుకొనియుండు పట్టీతీగద్వారా సంకేతము వచ్చును. సంచిలేని పందెపు స్టీరింగు పెట్టుటయనగా, తలకు రక్షణ దీసివేసి యందము కొనుటయే. పైతరగతిదైనను తీగకొనలు కలియనిచో సంచి సమయమునకు విచ్చుకొనకపోవచ్చును.

చట్టమును గూడ మఱువరాదు. 1988 నాటి మోటారువాహనముల చట్టములోని 52వ సెక్షను ప్రకారము, రిజిస్ట్రేషను పత్రములోని వివరములు తయారుచేసినవారు నిర్దేశించినవానికి భిన్నమగునట్లు మార్పుచేయరాదు. సుప్రీముకోర్టువారు 2019 జనవరిలో దీనినే స్థిరపఱచిరి. ఆ యేటి సవరణచట్టముచే, అనుమతిలేని మార్పునకు యజమానికి ఆఱునెలలవఱకు జైలుగాని, మార్పొక్కింటికి 5000 రూపాయల జరిమానాగాని, రెండునుగాని విధింపవచ్చును. యజమాని యనగా పత్రములో పేరున్నవారు. ఆ పేరు తనదేమో సోదరి చూచుకొనవలెను.

కావున చిరంజీవిని చిన్నబుచ్చక యిట్లు చేయుడు. కారు పాతదైనచో ముందుగా అరిగిన రబ్బరుబుష్షులు, షాక్ అబ్జార్బర్లు, బ్రేకుప్యాడ్లు, కాలముతీరిన టైర్లు మార్పింపుడు. సగము బిగువు దానితోనే తిరిగివచ్చును, వాడే యాశ్చర్యపడును. పిమ్మట ముచ్చట తీఱనిచో, అదే కారు పైతరగతికి వచ్చిన 15 అంగుళముల చక్రములు నాలుగును, తగిన టైర్లతో కొనిపెట్టుడు. క్రొత్త టైర్ల బరువుమోయు సంఖ్య పాతవానికంటె తక్కువ గాకూడదు. బిగించుటకుముందే రవాణాకచేరిలో నడిగి, భీమాకంపెనీకి వ్రాతమూలకముగా దెలుపుడు. స్ప్రింగులు, వడపోత, స్టీరింగు వలదు.

తీసిన పాతచక్రములను పాతయినుపవానికి వేయనీయక గోనెసంచులలో జుట్టి అటుకమీద నుంచుడు. కారమ్మునాడు కొనువాడు వానినే యడుగును. అపుడు మంచిచక్రముల నబ్బాయి తన కారునకు దాచుకొనవచ్చును.