చనిపోతే నాలుగు లక్షలు, బతికుంటే నీడ లేదు

ఎండలు ముదరగానే ప్రభుత్వాలు ఏటా ఒకే హెచ్చరిక చేస్తాయి: మధ్యాహ్నం పూట బయటికి రావొద్దు. ఎవరికి చెబుతున్నారు ఈ మాట? స్లాబు మీద సెంట్రింగ్ కొట్టే కూలీకా? గుంటూరు మిర్చి యార్డులో బస్తాలు మోసే హమాలీకా? ఒడిశాలోని బలంగీర్ నుంచి పెళ్లాంపిల్లలతో పెద్దపల్లి ఇటుక బట్టీకి వచ్చిన మనిషికా? వాళ్లు బయటికి రాకపోతే ఆ పూట కూలి పోతుంది, మర్నాడు మేస్త్రీ పిలవడు. పని ఆపగలిగినవాడు యజమాని. ఆయనకు అందేవి సలహాలు మాత్రమే. పాటించకపోతే అడిగే దిక్కు లేదు.

2015 మే నెల వడగాడ్పులకు రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి 1,500 మందికి పైగా బలయ్యారు. ఆ తర్వాత ప్రణాళికలు వచ్చాయి, చలివేంద్రాలు వెలిశాయి, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు పంచారు. 2025 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా ప్రకటించి, మృతుల కుటుంబాలకు పరిహారం 4 లక్షల రూపాయలకు పెంచింది. మంచి పనే, కాదనం. కానీ ఆ డబ్బు చేతికి రావాలంటే పోస్టుమార్టం జరగాలి, తహసీల్దారు, డాక్టరు, ఎస్సై కలిసి అది వడదెబ్బేనని తేల్చాలి. పనిలో కళ్లు తిరిగి, ఇంటికొచ్చి రాత్రికి ప్రాణం విడిచిన కూలీ చావు గుండెపోటు లెక్కలో కలిసిపోతుంది. చావుకు ధర కట్టిన ప్రభుత్వం, బతికున్న కూలీకి ఒక గంట నీడకు కూలి కట్టించలేకపోయింది.

చట్టం లేదా అంటే ఉంది, గోడల లోపల. 2025 నవంబర్ దాకా అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం ఉష్ణోగ్రత గురించి, గాలి వెలుతురు గురించి, 250 మంది దాటిన చోట వేసవిలో చల్లటి నీటి గురించి చెప్పింది. ఆకాశం కింద పనిచేసేవాడికి ఇంత ఎండ దాటితే పని ఆపాలన్న గీత ఎక్కడా లేదు. పైగా 2025లో ఆంధ్రప్రదేశ్ ఫ్యాక్టరీల్లో రోజు పనిని 9 గంటల నుంచి 10కి పెంచింది. 5 గంటల పనికి ఇవ్వాల్సిన విరామాన్ని 6 గంటలకు జరిపింది. ఎండలు పెరుగుతున్న కాలంలో విశ్రాంతిని దూరం జరపడం క్షమించరాని నిర్ణయం.

ఒక డ్రమ్ము నీళ్లు పెట్టి చేతులు దులుపుకునే కాంట్రాక్టర్లకు ఒక సంగతి చెప్పాలి. సైటులో మరుగుదొడ్డి లేకపోతే ఆడకూలీలు దాహమేసినా నీళ్లు తాగరు. సాయంత్రం దాకా బిగబట్టుకుని మూత్రపిండాలు పాడుచేసుకుంటారు. బట్టీల్లో వెయ్యి ఇటుకలకింత అని లెక్క. అక్కడ కూలి లేని విరామం ఇచ్చినా ఎవరూ కూర్చోరు. ఉక్కపోత ఉండే కోస్తాలో థర్మామీటరు అంకె ఒక్కటే చూసి లాభం లేదు. గాలిలో తేమ ఎక్కువైతే చెమట ఆరదు, ఒంట్లో వేడి బయటికి పోదు. ఒంటి వేడి 40 డిగ్రీలు దాటితే మెదడు దెబ్బతినవచ్చు.

జగిత్యాల, సిరిసిల్ల కుర్రాళ్లు వలసపోయే ఖతార్ ఈ తేమను కూడా లెక్కలోకి తీసుకుంది. 2021 నుంచి అక్కడ జూన్ 1 మొదలు సెప్టెంబర్ 15 దాకా ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 3:30 వరకు ఎండలో పని నిషేధం. వేడి, తేమ కలిపి కొలిచే సూచీ 32.1 డిగ్రీలు దాటితే ఏ వేళనైనా పని ఆపాల్సిందే. ఖతార్‌ను మేం ఆదర్శంగా చూపడం లేదు. ఎన్నో శవపేటికలు ఊళ్లకు చేరాక, ప్రపంచం నిలదీశాక పెట్టిన నిబంధన అది. మనం ఇంకెన్ని లెక్కపెట్టాలి?

ఎండ తీవ్రమైన రోజుల్లో మధ్యాహ్నం పని నిషేధించాలి. ఆ గంటలకు కూలి కోయకూడదు. ముక్క లెక్కన పనిచేసేవారికీ అది వర్తించాలి. ఒంట్లో బాగాలేదని పని ఆపిన కూలీని తీసేయకూడదు. ఉల్లంఘిస్తే కాంట్రాక్టరు మీదే కాదు, పని చేయించుకున్న అసలు కంపెనీ మీదా కేసు పెట్టాలి. ఇందుకు అసెంబ్లీ కూర్చోవాల్సిన పని కూడా లేదు. కేరళలో ఏటా కార్మిక కమిషనర్ ఉత్తర్వుతోనే వేసవి మధ్యాహ్నాల్లో ఎండ పని ఆగుతోంది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అలాంటి ఉత్తర్వు మార్చి లోపే రావాలి.