మతిమరుపుకి మాత్రల డబ్బాలు

మా ఆఫీసులో ఆన్‌సైట్ నుంచి ఎవరొచ్చినా సూట్‌కేసులో చాక్లెట్ల పక్కన ఫిష్ ఆయిల్ డబ్బాలు ఉండాల్సిందే. "నాన్నకి మతిమరుపు మొదలైందిరా, బ్రెయిన్‌కి మంచిదట" అంటారు. వాటితో పాటు జింకో మాత్రలు, పసుపు క్యాప్సూల్సూ. అమెరికా నుంచి పసుపా? నిజామాబాద్ రైతు వింటే నవ్విపోతాడు!

నా బాధ డబ్బు గురించి కాదు. ఆ డబ్బా చేతిలో పెట్టేశాక మన బాధ్యత తీరిపోయిందనుకుంటాం చూడండి, దాని గురించి.

సరే, లెక్కలు చూద్దాం. జింకోని అమెరికాలో 75 ఏళ్ళు, ఆపైబడ్డ మూడు వేల మందికి పైగా జనం మీద ఏళ్ళ తరబడి పరీక్షించారు. 2008లో ఫలితం వచ్చింది. ఉత్తుత్తి మాత్ర మింగినవాళ్ళతో పోలిస్తే జింకో మింగినవాళ్ళకి డిమెన్షియా ఏమీ తగ్గలేదు.

ఇక "మనం పసుపు తింటాం, మనకి అల్జీమర్స్ రాదు" అనే కబురు. 2023లో వచ్చిన అంచనా ప్రకారం మన దేశంలో 60 దాటినవాళ్ళలో 7.4 శాతం మందికి, అంటే దాదాపు 88 లక్షల మందికి డిమెన్షియా ఉంది. వీళ్ళంతా పసుపు వెయ్యని పప్పు తిన్నారా?

మల్టీవిటమిన్ వేసుకున్నవాళ్ళకి జ్ఞాపకశక్తి పరీక్షల్లో కొద్దిగా మెరుగు కనిపించిన పరిశోధనలున్నాయి, ఒప్పుకుంటాను. కానీ పరీక్షలో నాలుగు మార్కులు ఎక్కువ రావడం వేరు, డిమెన్షియా రాకుండా ఆగడం వేరు.

మరి ఆహారానికీ మెదడుకీ సంబంధమే లేదా అంటే, ఉంది. మా పెద్దమ్మ సంగతే చెప్తాను. పూర్తి శాకాహారి. పదేళ్ళుగా షుగరుకి మెట్‌ఫార్మిన్, రోజూ పొద్దున్నే గ్యాస్ మాత్ర. ఏడాది పాటు పొయ్యి మీద పాలు పెట్టి మర్చిపోయేది, చెప్పిందే చెప్పేది, కాళ్ళు తిమ్మిర్లనేది. అందరం "వయసు కదా" అనేశాం. నేనూ ఓ డబ్బా కొనిచ్చాను, ఆ పాపంలో నాకూ వాటా ఉంది. చివరికి ఒక డాక్టరు రక్తపరీక్ష రాస్తే బి12 అడుగంటి ఉంది. ఇంజెక్షన్లు మొదలెట్టాక మతిమరుపు చాలావరకు తగ్గింది. తిమ్మిర్లు మాత్రం పూర్తిగా పోలేదు. మా ఏడాది ఆలస్యానికి ఆవిడ కట్టిన మూల్యం అది.

బి12 మనకి కావలసింది రోజుకి రెండు మైక్రోగ్రాముల పైచిలుకే. కానీ అది అన్నంలో, పప్పులో, గోంగూరలో ఉండదు. పాలు, పెరుగు, గుడ్లు, చేపలు, మాంసంలోనే ఉంటుంది. వయసు మీద పడితే పొట్ట దాన్ని సరిగ్గా పీల్చుకోలేదు. మెట్‌ఫార్మినూ, గ్యాస్ మాత్రా ఏళ్ళ తరబడి వాడితే ఇంకా తగ్గుతుంది. మన ఇళ్ళలో ఈ మూడూ ఒకే మనిషిలో కలిసేవాళ్ళు ఎంతమందో లెక్కేసుకోండి. అలాగని లోటు లేనివాళ్ళు బి12 మింగితే డిమెన్షియా రాదనీ కాదు. లోటు ఉందో లేదో ముందు చూడమంటున్నానంతే.

సర్వర్ స్లో అయితే లాగ్స్ చూడకుండా ర్యామ్ పెంచేవాడిని మనం ఎంత తిడతాం? ఇంట్లో మనం చేస్తున్నది సరిగ్గా అదే.

2024లో లాన్సెట్ కమిషన్ 14 కారణాలు చెప్పి, వాటిని సరిచూసుకుంటే ప్రపంచంలో దాదాపు 45 శాతం డిమెన్షియాని ఆపొచ్చు లేదా వాయిదా వెయ్యొచ్చు అంది. బీపీ, షుగరు, చెడు కొలెస్టరాలు, పొగతాగడం, వినికిడి తగ్గడం, చూపు మందగించడం, ఒంటరితనం.. ఇలాంటివి. ఫిష్ ఆయిల్ తాగకపోవడం ఆ జాబితాలో లేదు.

కాబట్టి ఈసారి ఊరెళ్ళినప్పుడు డబ్బా మానేసి అమ్మానాన్నల్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. బి12, థైరాయిడ్, బీపీ, షుగరు చూపించండి. నాన్న టీవీ సౌండు పెంచుతున్నారంటే చెవులు కూడా చూపించండి. సాయంత్రం కాసేపు పక్కన కూర్చుని కబుర్లు చెప్పండి. వీటన్నిటికీ కలిపినా ఆ డబ్బాల ఖర్చు కంటే మరీ ఎక్కువేం కాదు. కాకపోతే రెండు రోజులు సెలవు పెట్టాలి. మనకి కష్టమల్లా అక్కడే!