శత్రు వాణిజ్య నౌకల పట్టివేత, నిర్బంధం

యుద్ధకాలంలో శత్రుదేశపు వాణిజ్య నౌకలను సముద్రంలో పట్టుకోవడం, తమ రేవుల్లో ఉన్నవాటిని కదలనీయకుండా నిలిపివేయడం, అలా చేజిక్కిన ఓడలను, సరుకును, సిబ్బందిని ప్రభుత్వం తన అధీనంలో ఉంచుకొని నిర్వహించడం అంతర్జాతీయ న్యాయశాస్త్రంలో ఒక ప్రత్యేక విభాగం. ఇలా పట్టుబడిన ఓడను '''ప్రైజు''' అని, దాని భవితవ్యాన్ని తేల్చే న్యాయస్థానాన్ని '''ప్రైజు కోర్టు''' అని అంటారు. ఓడ పట్టుబడినంత మాత్రాన అది పట్టుకున్న ప్రభుత్వపు సొత్తు కాదు. తీర్పు వెలువడేవరకు ప్రభుత్వం దానికి కాపలాదారు మాత్రమే. ఈ సూత్రం ఆంధ్ర తీరంలోను, భారతదేశపు చట్టాల్లోను ఎలా అమలైందో, ఇటీవలి ఓడల పట్టివేతల్లో ఎందుకు పలుచబడిందో ఈ వ్యాసంలో చూడవచ్చు.

== పదాల మధ్య తేడా ==

ఓడను ఎవరు ఆపినా, ఎందుకు ఆపినా మన పత్రికలు "సీజ్ చేశారు" అనే ఒకే మాట వాడుతున్నాయి. 2024 నవంబరు 29న కాకినాడ రేవులో రేషను బియ్యం అక్రమ ఎగుమతి విషయమై ఉప ముఖ్యమంత్రి పవన్ కళ్యాణ్ 'స్టెల్లా ఎల్' అనే ఓడను సీజ్ చేయమన్న మాట రాష్ట్రమంతటా మారుమోగింది. అనుమానిత బియ్యాన్ని దింపించిన తరువాత ఆ ఓడ 2025 జనవరిలో రేవు విడిచి వెళ్ళింది. ఇది ఆహార ధాన్యాలకు సంబంధించిన నేర విచారణలో తీసుకున్న చర్య. దీనికి యుద్ధంతో సంబంధం లేదు.

రెండవది కోర్టు చేసే ఓడ అరెస్టు. దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ కూడా తెలుగువారి రేవులోదే. 1984 ఫిబ్రవరిలో 'ఎలిజబెత్' అనే విదేశీ ఓడ సరుకు పత్రాలు ఇవ్వకుండా గోవాలోని మార్మగోవా రేవు నుండి వెళ్ళిపోయింది. అదే ఓడ ఏప్రిలులో విశాఖపట్నం రాగా, సరుకు పంపిన వర్తకుల ఫిర్యాదుపై హైదరాబాదులోని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆదేశంతో దానిని అరెస్టు చేశారు. బ్రిటిషు కాలపు చట్టాల ప్రకారం కలకత్తా, బొంబాయి, మద్రాసు హైకోర్టులకే ఓడల వ్యాజ్యాలపై అధికారముందని యజమానులు వాదించారు. 1992 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది. సముద్రానికి వందల కిలోమీటర్ల దూరాన కూర్చున్న న్యాయమూర్తులు ఓడను ఆపగలరని స్థిరపడింది. 2017లో చేసిన అడ్మిరాల్టీ చట్టం ఈ అధికారాన్ని హైదరాబాదు హైకోర్టు పేరు చెప్పి మరీ ధ్రువపరచింది. అయితే అరెస్టు అంటే బాకీ వసూలుకు హామీ పట్టుకోవడమే. హామీ సొమ్ము చెల్లిస్తే ఓడను విడిచిపెడతారు.

మూడవది రేవుల్లోకి రానీయకపోవడం. పహల్గాం దాడి తరువాత 2025 మే 2న భారత నౌకాయాన డైరెక్టరేట్ జనరల్, పాకిస్తాను జెండా గల ఓడలు భారత రేవులకు రాకూడదని, భారత ఓడలు పాకిస్తాను రేవులకు పోకూడదని ఉత్తర్వు ఇచ్చింది. దీనికి ఆధారం 1958 నాటి వాణిజ్య నౌకాయాన చట్టం. ఇది రాకను నిషేధించే ఉత్తర్వే తప్ప పట్టుకోమని చెప్పే ఉత్తర్వు కాదు.

ఈ మూడింటికీ భిన్నమైనది యుద్ధంలో పట్టివేత. ఇందులో ఓడ చేసిన తప్పు ఏమీ ఉండనక్కరలేదు. శత్రుదేశపు జెండా ఉండడమే కారణం.

== బంగాళాఖాతంలో ==

1804 సెప్టెంబరు 15న విశాఖపట్నం ఎదుట రెండు వర్తక ఓడలు, వాటికి కాపలాగా 'సెంచూరియన్' అనే బ్రిటిషు యుద్ధనౌక లంగరు వేసి ఉన్నాయి. దాని కెప్టెన్ జేమ్స్ లిండ్ అప్పటికి ఒడ్డున ఉన్నాడు. ఫ్రెంచి సేనాని లినోయి 'మరెంగో' అనే పెద్ద యుద్ధనౌకతోను, రెండు ఫ్రిగేట్లతోను వచ్చి పడ్డాడు. ఈస్టిండియా కంపెనీ వారి 'ప్రిన్సెస్ షార్లెట్' లొంగిపోయింది. 'బార్నబీ' అలల తాకిడికి ఒడ్డున పడి పగిలిపోయింది. సెంచూరియన్ దెబ్బలు తింటూనే తీరానికి దగ్గరగా జరిగి నిలబడింది. లోతు తక్కువైన చోటికి తన పెద్ద ఓడను తీసుకువెళ్ళడానికి జంకిన లినోయి, దొరికిన ఓడతో వెనుదిరిగాడు.

ఆ ఓడను అతడు అక్కడే తగలబెట్టక ఫ్రెంచివారి అధీనంలోని మారిషస్ వైపు తరలించడం గమనించదగినది. ప్రైజును స్వదేశపు రేవుకు చేర్చి న్యాయస్థానం ముందు పెట్టాలన్నది అప్పటి ఆచారం. తీర్పు లేనిదే దానిని కొన్నవారికి గట్టి హక్కు ఉండదు. అంటే ఆచారం వెనుక నీతితోపాటు వ్యాపారం కూడా ఉంది.

సరిగ్గా 110 సంవత్సరాలకు, 1914 సెప్టెంబరులో, జర్మను యుద్ధనౌక 'ఎమ్డెన్' ఇదే సముద్రంలో కలకత్తా దారిన వచ్చే ఓడలను వరుసగా పట్టుకుంది. దగ్గరలో జర్మను రేవు లేదు. కాబట్టి ఓడలను తీసుకుపోయే వీలు లేక సిబ్బందిని దింపి, చాలావాటిని ముంచివేసింది. కానీ 'కబింగా' అనే ఓడలోని సరుకు తటస్థులైన అమెరికా వారిదని తెలిసి దానిని ముంచలేదు. తనవద్ద ఉన్న బందీలను అందులోనే ఎక్కించి పంపివేసింది. సెప్టెంబరు 22న మద్రాసు చమురు ట్యాంకులపై గుండ్లు కురిపించిన ఓడ కూడా ఇదే. దాని కెప్టెన్ ఫాన్ ముల్లర్‌ను శత్రువులు సైతం మెచ్చుకోవడానికి ఈ లెక్క తప్పని నడవడి ఒక కారణం.

== ప్రభుత్వం చేతిలో ఓడ ==

పట్టుకోవడం ఒక పూట పని. ఆ తరువాతిదే కష్టం. కదలకుండా నిలిచిన ఓడ అడుగున నాచు, గుల్లలు పేరుకుంటాయి, యంత్రాలు తుప్పు పడతాయి. రేవు రుసుము, కాపలా ఖర్చు రోజూ పెరుగుతాయి. ధాన్యం, తోళ్ళు వంటి సరుకు పాడైపోతుంది. అందుకని పాడయ్యే సరుకును కోర్టు అనుమతితో అమ్మి, సొమ్మును కోర్టులో జమ చేసే పద్ధతి ఏర్పడింది. బ్రిటనులో ఈ బాధ్యత అడ్మిరాల్టీ మార్షల్ అనే కోర్టు అధికారిది.

యుద్ధం మొదలైన రోజున శత్రువు రేవులో చిక్కుకున్న ఓడల విషయమై 1907 నాటి ఆరవ హేగ్ ఒడంబడిక ఒక మధ్యేమార్గం చూపింది. అవి వెళ్ళిపోవడానికి కొంత గడువు ఇవ్వడం మంచిదని, వెళ్ళలేకపోయినవాటిని జప్తు చేయకుండా నిర్బంధంలో మాత్రమే ఉంచి యుద్ధానంతరం తిరిగి ఇవ్వాలని, వాడుకుంటే పరిహారం చెల్లించాలని దాని సారాంశం. అమెరికా దీనిపై సంతకమే చేయలేదు. బ్రిటను 1925లో దీనినుండి వైదొలగింది.

1914లో భారతదేశపు రేవులతో సహా బ్రిటిషు సామ్రాజ్యమంతటా జర్మను ఓడలు చిక్కాయి. రవాణాకు ఓడలు చాలని ప్రభుత్వానికి వాటిని ఖాళీగా ఉంచబుద్ధి కాలేదు. పోర్టుసయీదులో చిక్కిన 'డెర్ఫ్లింగర్' 'హంట్స్‌గ్రీన్' అయింది, సూయెజ్‌లో చిక్కిన 'లుట్జోవ్' 'హంట్స్ఎండ్' అయింది. జర్మనులను 'హన్' అని తిట్టడం అప్పటి వాడుక. ఓడల పేర్లలోనూ ఆ వెక్కిరింపు చేరిందన్నమాట.

ఇలా వాడుకోవడానికి హద్దు ఏది? 1916 ఏప్రిలులో 'జమోరా' అనే స్వీడను ఓడలోని రాగి విషయంలో ప్రీవీ కౌన్సిలు దీనికి జవాబు చెప్పింది. ప్రైజు కోర్టు అంతర్జాతీయ న్యాయాన్ని అనుసరించాలే తప్ప ప్రభుత్వపు ఉత్తర్వును కాదని, తీర్పుకు ముందే సరుకును వాడుకోదలిస్తే అత్యవసరమని ప్రభుత్వం కోర్టును ఒప్పించాలని తీర్పు చెప్పింది. యుద్ధం ముమ్మరంగా సాగుతుండగా సొంత ప్రభుత్వానికి వ్యతిరేకంగా ఈ మాట చెప్పడం సామాన్యం కాదు.

రెండవ ప్రపంచయుద్ధంలో ఈ కథ మళ్ళీ నడిచింది. 1941 ఆగస్టు 25న ఇరానులోని బందర్ షాపూర్ రేవును భారతీయ సైనికులతో కూడిన దళం ఆక్రమించి అక్కడ దాగిన జర్మను, ఇటలీ ఓడలను పట్టుకుంది. బ్రిటిషు ప్రభుత్వం వాటికి 'ఎంపైర్ రాజా', 'ఎంపైర్ రాణి', 'ఎంపైర్ కుమారి' వంటి పేర్లు పెట్టింది. 'కబోటో' అనే ఇటలీ ఓడకు 'ఎంపైర్ కోహినూర్' అని పేరు. కృష్ణాతీరపు వజ్రం ఎలా చేతులు మారిందో తెలిసిన తెలుగువారికి ఈ పేరు చక్కగా అతికినట్లే తోస్తుంది. ఇక తటస్థ పోర్చుగీసువారి అధీనంలోని గోవాలో తలదాచుకున్న జర్మను, ఇటలీ ఓడలు ఎవరికీ దక్కలేదు. 1943 మార్చి 9న బ్రిటిషువారి రహస్య దాడి సమయంలో సిబ్బందే వాటిని తగలబెట్టి ముంచుకున్నారు.

== స్వతంత్ర భారతదేశంలో ==

1965 యుద్ధంలో భారత, పాకిస్తానులు రెండూ తమ రేవుల్లో ఉన్న ఎదుటివారి ఓడలను, సరుకును నిలిపివేశాయి. 1966 జనవరి 10 నాటి తాష్కెంటు ప్రకటనలో, స్వాధీనం చేసుకున్న ఆస్తుల తిరుగు అప్పగింతపై చర్చించాలని ఒక అంశం ఉంది. ఆ చర్చలు ఫలించలేదు. పాకిస్తాను తన అధీనంలోని ఆస్తులను 1971లో అమ్మివేసిందని భారత ప్రభుత్వం చెబుతూ వచ్చింది. భారతదేశం 1968లో శత్రు ఆస్తుల చట్టం చేసి వాటిని ఒక సంరక్షకుని అధీనంలో ఉంచింది. 2017 సవరణతో వారసుల హక్కులు కూడా తొలగిపోయాయి. 'తాత్కాలిక సంరక్షణ' అనే మాటతో మొదలైనది ఐదు దశాబ్దాలలో శాశ్వత స్వాధీనంగా మారిన తీరును ఓడల విషయంలోనూ మనసులో ఉంచుకోవలసి ఉంది.

1971 డిసెంబరు యుద్ధంలో విశాఖపట్నం కేంద్రంగా గల తూర్పు నౌకాదళం బంగాళాఖాతంలో నౌకల రాకపోకలను అదుపు చేసింది. పడమట మక్రాన్ తీరాన 'మధుమతి' అనే పాకిస్తాను వాణిజ్య నౌక మనకు పట్టుబడింది. అదే సమయంలో పార్లమెంటు, బ్రిటిషు కాలపు ప్రైజు చట్టాల స్థానంలో 1971 నౌకా, విమాన ప్రైజు చట్టాన్ని చేసింది. పేరులోనే ఉన్నట్లు ఇది ఓడలకే పరిమితం కాదు. శత్రుదేశపు విమానానికి, అందులోని సరుకుకు కూడా వర్తిస్తుంది. కనుక ఇది తీరప్రాంతాలవారికే సంబంధించిన సంగతి అనుకోరాదు. 2008లో శంషాబాదు అంతర్జాతీయ విమానాశ్రయం మొదలైన తరువాత, దాని సమీపంలోని రావిర్యాల వంటి మెట్టప్రాంతపు ఊరికి కూడా ఈ చట్టపు పరిధి కనుచూపు మేరలోనే ఉంది.

ఈ చట్టంలో ఒక బలహీనత ఉంది. ప్రైజు కోర్టు శాశ్వతమైనది కాదు, అవసరమైనప్పుడు కేంద్ర ప్రభుత్వం నియమించాలి. పట్టుకున్నవారే తీర్పరిని ఎన్నుకోవడం జమోరా తీర్పు స్ఫూర్తికి అంతగా పొసగదు. ఎలిజబెత్ కేసు తరువాత ఓడల వ్యాజ్యాల్లో అనుభవం గడించిన హైకోర్టులకే ఈ బాధ్యతను ముందుగా అప్పగించి ఉంచితే మేలు.

== నేటి పరిస్థితి ==

ఇటీవలి పట్టివేతల్లో యుద్ధ ప్రకటనా ఉండదు, ప్రైజు కోర్టూ ఉండదు. 1999 జూన్‌లో కార్గిల్ యుద్ధం జరుగుతుండగా క్షిపణి భాగాలతో కాండ్లా చేరిన ఉత్తర కొరియా ఓడ 'కు వోల్ సాన్'ను ఆపినది కస్టమ్స్ శాఖ. 2019 జూలైలో జిబ్రాల్టరు వద్ద ఇరాను చమురుతో ఉన్న 'గ్రేస్ 1'ను ఆంక్షల పేరిట పట్టుకున్నారు. రెండు వారాలకు ఇరాను 'స్టెనా ఇంపెరో'ను నౌకాయాన నియమాల ఉల్లంఘన పేరిట పట్టుకుంది. 2024 ఏప్రిల్ 13న అదే ఇరాను 'ఎమ్మెస్సీ ఏరీస్'ను పట్టుకుంది. 2025 డిసెంబరు 10న వెనెజులా సమీపంలో అమెరికా దళాలు 'స్కిప్పర్' అనే చమురు ఓడను కోర్టు వారంటుతో స్వాధీనం చేసుకున్నాయి. కారణంగా చెప్పిన చట్టాలు వేరైనా, జరిగినది మాత్రం పాతకాలపు పట్టివేతే.

దీనివల్ల ఎక్కువగా నష్టపోయేది నావికులు. స్టెనా ఇంపెరోలోని 23 మందిలో 18 మంది, ఏరీస్‌లోని 25 మందిలో 17 మంది భారతీయులు. ఓడ ఒకరిది, జెండా మరొకరిది, సరుకు వేరొకరిది, సిబ్బంది మనవారు. పాత పద్ధతిలో వీరికి ఒక స్థానం ఉండేది. పదకొండవ హేగ్ ఒడంబడిక ప్రకారం, పట్టుబడిన శత్రు ఓడలోని తటస్థ దేశస్థులైన నావికులను యుద్ధఖైదీలుగా చేయరాదు. 1949 జెనీవా ఒడంబడిక శత్రుదేశపు వాణిజ్య నావికులకు సైతం, ఇంతకన్న మెరుగైన రక్షణ లేనప్పుడు, యుద్ధఖైదీలకు ఇచ్చే రక్షణ కల్పించింది. యుద్ధమే లేదన్నప్పుడు ఈ నియమాలు అడగడానికి వీలుపడదు. నావికుడు కేసులో నిందితుడో, సాక్షియో, బేరంలో పావో తేలక ఓడలోనే ఉండిపోతాడు.

ఉత్తరాంధ్ర మత్స్యకారులకు ఇది కొత్త కాదు. 2018 చివరలో గుజరాత్ తీరాన వేటకు వెళ్ళి పాకిస్తాను అధికారులకు చిక్కిన శ్రీకాకుళం, విజయనగరం తదితర జిల్లాల వారిలో 20 మంది 2020 జనవరి 6న వాఘా సరిహద్దు వద్ద విడుదలయ్యారు. 2025లో వచ్చిన తండేల్ చలనచిత్రానికి ఆధారం వీరి కథే. ఏడాదికి పైగా కరాచీ చెరసాలలో ఉన్న వీరు నడిచి సరిహద్దు దాటారు. పడవలు వారితో రాలేదు.