ఆశ్రమం గడపకి ఇవతల

ఈమధ్య పేపర్లలో వృద్ధాశ్రమాల మీద వ్యాసాలు బాగానే వస్తున్నయ్. ముసలాళ్ళకి యోగా, భజన, బీపీ చెకప్, పుట్టినరోజుకి కేకు. కొడుకులు అమెరికాలో ఉంటే తల్లిదండ్రులు ఎట్లా సంతోషంగా ఉండాలో చెప్తారు. మంచిదే, ఒంటరితనం ఎవరికైనా నరకమే. కానీ ఆ ముసలాళ్ళకి నీళ్ళు పోసి, మలమూత్రాలెత్తి, పుండ్లు కడిగే ఆయా ఎవరు? నేను చూసినంతలో మన వాడల ఆడోళ్ళే. ఆమె ముసలిదైతే ఎక్కడికి పోవాలి? ఈ మాట ఒక్కరూ రాయరు.

మా పేట పెద్దమ్మ ఒకామె, డబ్బు కట్టించుకునే ఆశ్రమంలో పదకొండేళ్ళు ఆ పని చేసింది. మంచం పట్టినామెని ఎత్తి కూర్చోబెట్టి తుడిచేటప్పుడు అంటు లేదు. అదే చేత్తో మంచినీళ్ళిస్తే మాత్రం 'వంటామెని పిలువు' అనేవాళ్ళట! ఆమె కంచం పెరట్లో పంపు పక్కన. వంటింటి గడప తొక్కకూడదు. 1955 నాటి పౌరహక్కుల చట్టం కూడా ఆ గడప దాటలేదు. ఇప్పుడామెకి మోకాళ్ళు పోయినయ్. అదే ఆశ్రమంలో మంచం కావాలంటే నెలకి కట్టాల్సింది ఆమె జీతంగా ఏనాడూ చూడనంత డబ్బు.

అసలు ముసలితనం దాకా బతకనిస్తే గదా! దళిత స్త్రీ అగ్రకుల స్త్రీ కంటే సగటున 14.6 ఏళ్ళు ముందే చచ్చిపోతోందని 2018లో ఐక్యరాజ్యసమితి మహిళా విభాగమే రాసింది.

తల్లిదండ్రుల పోషణకని 2007లో తెచ్చిన చట్టంలో 19వ సెక్షన్ ఉంది. జిల్లాకి కనీసం ఒకటి చొప్పున, 150 మంది దిక్కులేని వృద్ధులకి సరిపడా ఆశ్రమాలు ప్రభుత్వం 'పెట్టవచ్చు' అంటుంది. 'పెట్టి తీరాలి' అనదు. పేదోళ్ళ దగ్గరికొచ్చేసరికి చట్టానికి కూడా నోరు తిరగదు. 79 ఏళ్ళ లోపు ముసలాళ్ళ పింఛనులో కేంద్రం వాటా నెలకి 200 రూపాయలు. ఆ డబ్బుకి బీపీ మాత్రలొస్తాయా?

సర్కారు ఆశ్రమాలు కట్టాలి. ఆయాలుగా ఒళ్ళు అరగదీసుకున్నవాళ్ళకి అందులో మంచం హక్కుగా రావాలి. వంట మనోళ్ళూ చెయ్యాలి. తిండి సంగతి ఇంకోటుంది. జన్మంతా ఎండుచేపలు, పెద్దకూర తిని కాయకష్టం చేసినోళ్ళకి చివరి రోజుల్లో చారునీళ్ళు పోసి 'సాత్వికాహారం' అంటే అది ఆరోగ్యమా, శిక్షా? డాక్టరు వద్దంటే మానేస్తారు. కులం వద్దంటే ఎందుకు మానాలి?

పెద్దమ్మనడిగాను, సర్కారోళ్ళు కడితే పోతావా అని.

"కూర వాసనొస్తే పోతాలేరా" అని నవ్వింది. కాసేపాగి, "కుండలో నీళ్ళు నా చేత్తో ముంచుకోనిస్తారా? ముందది కనుక్కో" అంది.